కార్బెట్‌లో పులి కనపడకపోతే డబ్బు దండగేనా?

మే నెలలో పిల్లలను, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఉత్తరాఖండ్‌లోని జిమ్ కార్బెట్ జాతీయ పార్కు, నైనిటాల్ చూసి రావాలనుకుంటున్నామని, అంత ఖర్చుపెట్టి వెళ్ళాక పులి కనపడకపోతే దండగే కదా అని అడిగారు. దండగ కాదు. మా అమ్మను తీసుకుని ఒక ఏప్రిల్‌లో వెళ్ళాను. రెండు రాత్రులు ఉన్నాం, నాలుగుసార్లు అడవిలోకి వెళ్ళాం. పులి కనపడలేదు. అమ్మ ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా ఆ అడవి సంగతే చెబుతుంది.

అయితే ఒక్క షరతు. ఢికాలాలో బస దొరికితేనే వెళ్ళండి. ధన్‌గఢీ గేటు దాటాక ముప్పై కిలోమీటర్లు లోపలికి, రామగంగ నది ఒడ్డున ఉంటుంది అటవీ శాఖ విశ్రాంతి గృహం. పులులను కాపాడే ప్రాజెక్ట్ టైగర్ 1973 ఏప్రిల్ 1న మొదలైంది అక్కడే. మాంసం, మద్యం లోపలికి రానివ్వరు. రాత్రి బస చేసేవాళ్ళకే జీపు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళను పెద్ద క్యాంటర్ వాహనంలో తిప్పుతారు. ఆ క్యాంటర్ ప్రయాణానికి, ఊళ్ళో సిటీ బస్సెక్కడానికి నాకు పెద్ద తేడా కనపడలేదు.

రెండో రోజు తెల్లవారుజామున బయలుదేరాం. ఏప్రిల్ అయినా చలి; అమ్మ శాలువా తలమీదుగా కప్పుకుంది. సాల వృక్షాల మధ్య ఇసుక దారి. డ్రైవరు ఉన్నట్టుండి బండి ఆపి కిందికి చూపించాడు. మాకంటే ముందు వెళ్ళిన జీపు టైరు అచ్చు మీద పులి అడుగు పడి ఉంది. ఆ అడుగు ఉన్నంతమేరా టైరు గీతలు నలిగి చెరిగిపోయాయి. అంటే జీపు వెళ్ళిన తరువాతే అది అటు నడిచింది. అంచున ఇసుక రేణువులు ఇంకా జారుతున్నాయి.

ఇంజను కట్టేశాడు. కాసేపటికి కుడివైపు లోతులోంచి గంట మీద కొట్టినట్టు ఒక్క అరుపు వినపడింది. డ్రైవరు, అమ్మ ఒకేసారి చూపుడువేలు ఎత్తారు. అతను "సాంభర్" అన్నాడు, అమ్మ "కణుజు" అంది. రెండూ ఒకే పెద్ద దుప్పి పేర్లు. ఆమెకు హిందీ రాదు, అతనికి తెలుగు రాదు. అమ్మ పుట్టి పెరిగింది గిద్దలూరు దగ్గర, నల్లమలను ఆనుకున్న ఊళ్ళో. పెద్దపులి కదిలితే కణుజు ఎలా అరుస్తుందో, కొండముచ్చు ఎలా దగ్గుతుందో వాళ్ళ నాన్న పశువులు కాస్తూ నేర్పించాడట. ఇన్నేళ్ళూ మాకెవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

నలభై నిమిషాలు ఒక్క మాట లేకుండా కూర్చున్నాం. కణుజు తరువాత కొండముచ్చులు, ఆ తరువాత ఇంకాస్త కిందుగా చుక్కల దుప్పులు అందుకున్నాయి. అరుపులు కుడి నుంచి ఎడమకు, నది వైపు జరుగుతుంటే పులి నడక చెవులతోనే తెలుస్తోంది. తరువాత అంతా సద్దుమణిగింది. "పడుకుంది నాయనా, ఇక లేవదు" అంది అమ్మ డ్రైవరుతో. అతను నవ్వి, అవునన్నట్టు తల ఊపాడు.

సరిగ్గా అప్పుడే ఎవరో చెయ్యి ఊపారని తొమ్మిది జీపులు దుమ్ము లేపుకుంటూ వచ్చిపడ్డాయి. ఎక్కడ, ఎక్కడ అని కేకలు. ఒకాయన సీటు మీద నిలబడి ఫోనులో బిగ్గరగా పాట పెట్టాడు. ఇలాంటివాళ్ళను గేటు దగ్గరే వెనక్కి పంపాలి. 2022 లెక్కల్లో దేశంలోని అన్ని అభయారణ్యాల కంటే ఎక్కువగా 260 పులులు తేలిన అడవి అది. అయినా కనపడటం లేదంటే కారణం మనుషుల గోల, నిలువెత్తు గడ్డి. అడవి బయట ఢికులీ ఊరి వైపు మరీ దారుణం. కోసీ నదిలోకి నీళ్ళకు దిగాల్సిన జంతువుల దారికి అడ్డంగా రిసార్టులు కట్టారు. మొదటి రాత్రి మేం దిగినచోట పక్కనే పెళ్ళి, అర్ధరాత్రి దాకా డీజే. అడవి పక్కన ఆ మోత ఎందుకని అడిగితే యజమాని నన్నే వింతగా చూశాడు.

ఆ సాయంత్రం ఢికాలా గడ్డి మైదానంలో ఏనుగుల మంద కనిపించింది. ఎండాకాలం అవి అక్కడికి చేరతాయి. ఓ పిల్ల ఏనుగు తొండంతో దుమ్ము తీసి వీపు మీద చల్లుకోబోతే సగం కంట్లోనే పడింది. అమ్మ పకపకా నవ్వింది. మా నాన్న పోయాక అలా నవ్వడం అదే మొదటిసారి.

నైనిటాల్ ఒక్క రోజు చాలు. మే నెలలో సరస్సు కంటే కార్లే ఎక్కువ కనపడతాయి. అడవి పక్కనున్న రామ్‌నగర్ నుంచి వెళ్ళేటప్పుడు దారిలో కాలాఢుంగీలో ఆగి జిమ్ కార్బెట్ ఇల్లు చూడండి, ఇప్పుడది మ్యూజియం. నరభక్షక పులులను వేటాడిన మనిషే తరువాత పులులను కాపాడాలని పోరాడాడు. 1936లో బ్రిటిష్ గవర్నరు హేలీ పేరుతో ఏర్పాటైన ఈ పార్కుకు ఆయన మరణించాక ఆయన పేరే పెట్టారు.

మే అన్నారు కాబట్టి ఢికాలా గదుల కోసం ఇప్పుడే ప్రయత్నించండి. జూన్ 15 తరువాత నవంబరు మధ్య వరకు మూసే ఉంటుంది. మీ పెద్దవాళ్ళలో అడవి పక్క ఊళ్ళో పెరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళను సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టండి.