పదిహేనేళ్లకు పోల్‌వాల్ట్ మొదలుపెడితే ఆలస్యమా?

పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగారు: జిమ్నాస్టిక్స్ చేసే మా అమ్మాయి బాగా పొడుగైంది, 15 ఏళ్లకు పోల్‌వాల్ట్‌కి (పొడవాటి కర్ర ఊతంతో ఎత్తు దూకే ఆటకి) మారవచ్చా అని.

నిక్షేపంగా మారవచ్చండి. రష్యా క్రీడాకారిణి యెలేనా ఇసిన్‌బయేవాది అచ్చం ఇదే కథ. పొడుగెక్కువైందని జిమ్నాస్టిక్స్ వదిలి 15 ఏళ్లకు ఇటు వచ్చింది. 2004, 2008 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచింది. 2005లో 5 మీటర్లు దాటిన తొలి మహిళ. 2009లో దూకిన 5.06 మీటర్లే ఇప్పటికీ ప్రపంచ రికార్డు.

గాల్లో తలకిందులై ఒళ్లు తిప్పడం జిమ్నాస్ట్‌కు ముందే వచ్చు. కొత్తగా నేర్వాల్సింది పరుగు, దాని చివర ఉండే గుంటలో కర్రను ఆనించడం. ఆ పరుగు వేగానికే ఫైబర్‌గ్లాస్ కర్ర వంగుతుంది, తిరిగి నిటారవుతూ మనిషిని పైకి విసురుతుంది. కర్రను ఒంటి బరువును బట్టి ఎంచుతారు. మీ దగ్గరి మహేంద్రగిరి కొండ వెదురుతో పెరట్లో ప్రయోగాలు మాత్రం వద్దు! ముందు భువనేశ్వర్ కళింగ స్టేడియంలో కోచ్‌లను అడగండి.