బుజ్జీ, ఐసీయూలో చేరేముందు ఇది చదువు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి సూర్యారావుపేటలో ఐసీయూ డ్యూటీ వచ్చిందంట నీకు అని చెప్పింది, ఎంత పొంగిపోయానో, ఫోన్ పెట్టేసాక మాత్రం కడుపులో ఒకటే తిప్పడం, నిద్ర పట్టలా. అందుకే పొద్దున్నే కూర్చుని టైప్ చేస్తున్నా.

మంచి చెప్పులు కొనుక్కో. టైముకి తిను. షిఫ్ట్ ఎక్కగానే గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్ మెషిన్ ప్లగ్‌లో ఉందా, జెల్ ఉందా, టెస్ట్ షాక్ వస్తుందా చూసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

మీ అమ్మకి కూడా ఇన్నేళ్లూ చెప్పనిది ఒకటుంది.

నేను నర్సుగా చేరిన మూడో ఏడు, నైట్ డ్యూటీ. మిర్చి యార్డులో బస్తాలు మోసే ఆయన గుండెపోటుతో వచ్చాడు, సాయంత్రానికి తేరుకుని "రేపు ఇంటికి పంపిస్తారా సిస్టరమ్మా" అని అడిగాడు కూడా. తెల్లారగట్ల మానిటర్ మీద అంతా పిచ్చిగీతలు. వీఎఫ్, గుండె సరిగ్గా కొట్టుకోకుండా ఊరికే వణకడం. చూడగానే గుర్తుపట్టా, పల్స్ లేదు, డాక్టర్ గారికి కబురు పంపా, జూనియర్ పిల్ల ఛాతీ నొక్కుతోంది, నేను డీఫిబ్‌ని 360 జౌల్స్‌కి చార్జ్ చేసి, ఛాతీకి ఆనించి షాక్ ఇచ్చే ప్యాడిల్స్ పట్టుకుని నిలబడ్డా. అంతే, నిలబడ్డా. షాక్ ఇవ్వడం డాక్టర్ పని అని బుర్రలో నాటుకుపోయింది, ఏమన్నా అయితే నర్సే కొట్టిందంటారని భయం, నాకే కరెంట్ కొడుతుందేమోనని ఇంకో భయం. కాసేపటికి చార్జ్ దానంతటదే దిగిపోతే మళ్లీ చార్జ్ చేశా బుజ్జీ, నొక్కలా. డాక్టర్ గారు కింద క్యాజువాలిటీ నుంచి పరిగెత్తుకొచ్చి మూడుసార్లు షాక్ కొట్టారు. ఆ బస్తాల ఆయన ప్రాణం తిరిగి రాలా.

నన్నెవరూ ఒక్క మాటనలా. "నువ్వేం చేస్తావమ్మా" అన్నారు డాక్టర్ గారు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటది, చెయ్యగలిగేదాన్నే కదా. తర్వాత ట్రైనింగ్‌లో చెప్పారు, షాక్ లేటయ్యే ప్రతి నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోద్దని, సీపీఆర్, అంటే ఛాతీ నొక్కడం, చేస్తుంటే 3, 4 శాతమే పడిపోద్దని. ఆ రాత్రి ఎన్ని నిమిషాలో వేళ్ల మీద లెక్కేసుకుంటూ క్లాసులోంచి లేచొచ్చేశా.

అందుకే మొదటిరోజే ఇన్‌చార్జ్ సిస్టర్‌ని అడుగు, డాక్టర్ లేనప్పుడు నర్సు షాక్ ఇవ్వొచ్చా అని, రాతలో ఉంటే చూపించమను, లేకపోతే రాయించమను. గుండె ఆగినప్పుడు ఏం చెయ్యాలో నేర్పే ఏసీఎల్ఎస్ కోర్సు ఫీజు నేను కడతా. పదో క్లాసులో మార్కులు తప్పుగా కూడితే అడగడానికి సిగ్గుపడ్డావు, స్కూలుకి నేను రావాల్సొచ్చింది, ఆ నోరు ఇక్కడ పనికిరాదు చెప్తున్నా.

వీఎఫ్ అయితే, గుండె కొట్టుకునే లయ చూసి షాక్ ఇచ్చే సింక్ బటన్ ఆఫ్‌లో ఉందా చూడు, ఆన్‌లో ఉంటే ఎంత నొక్కినా షాక్ పేలదు. ఆక్సిజన్ మాస్క్ తీసి దూరంగా పెట్టు. కొట్టగానే మానిటర్ వంక చూస్తూ ఉండిపోకు, వెంటనే ఛాతీ నొక్కడం మొదలెట్టాలి, రెండు నిమిషాలు. గీత పూర్తిగా చదునుగా ఉంటే షాక్ పనిచెయ్యదు, సీపీఆరే.

నీ గొంతు మరీ చిన్నది తల్లీ, అదే నా దిగులు. ఆదివారం గుంటూరు రా, గోంగూర చేస్తా. మంచం మీద దిండు పెట్టి, షాక్ కొట్టేముందు ఎవరూ పేషెంటుని ముట్టుకోకుండా అరవాలి కదా, ఆ "అందరూ పక్కకి" నీచేత గట్టిగా అరిపిస్తా, వీధి చివరిదాకా వినపడేదాకా.

మీ పెద్దమ్మ