పడవలో కుక్కతో ఒక రోజు

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాం. ఒక రోజుకు నారోబోట్ (కాలువల్లో తిరిగే సన్నటి, పొడవాటి పడవ) అద్దెకు తీసుకుని మా లాబ్రడార్‌తో కాలువ మీద తిరగాలని ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ముందు దూరం తగ్గించుకోండి. అక్కడి కాలువల్లో చాలావరకు వేగ పరిమితి గంటకు 4 మైళ్లే. ఒక్కో లాక్ (రెండు గేట్ల మధ్య నీళ్లు నింపి, వదిలి పడవను పైకీ కిందికీ చేర్చే తొట్టె) దాటడానికి సుమారు పావుగంట వేసుకోండి. మీలో ఒకరు కుక్కతో గట్టు బాటన నడిచినా పడవతో సమానంగానే వెళ్తారు. దానికీ అదే ఇష్టం.

అసలు ప్రమాదం లాకుల్లో. నీళ్లు దిగేకొద్దీ పడవా కిందికి దిగుతుంది. కుక్క తాడు గట్టున కట్టేసి, కుక్క పడవలో ఉంటే మెడ బిగుసుకుపోతుంది. లాక్ దాటేంతసేపూ దాన్ని పడవ లోపలి గదిలో పెట్టి తలుపు వేయండి.

వీపు మీద పిడి ఉన్న లైఫ్ జాకెట్ తప్పనిసరండీ. ఈత వచ్చినా, గట్టు నిలువుగా ఉంటే పైకెక్కలేదు. కుక్క నీళ్లలో పడితే ముందు గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి నీళ్లలో తిరిగే పంకా (ప్రొపెల్లర్) ఆపండి, ఆ తర్వాతే పిడి పట్టి లాగండి.

కాలువ నీళ్లు తాగనివ్వకండి. ఎండాకాలంలో పచ్చటి తెట్టు కడితే అది విషం కావచ్చు. తాగే నీళ్లు ఇంటి నుంచే తెచ్చుకోండి.