మాటలు మారిస్తే మనదైపోతుందా?

ప్రశ్న: మేడం, కాకతీయుల చెరువుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. థీసిస్‌ని ఇతరుల రాతలతో పోల్చి చూసే సాఫ్ట్‌వేర్‌లో పెడితే 32 శాతం పోలిక వచ్చింది. వారం రోజులు కూర్చొని మాటలు మార్చి 9 శాతానికి తెచ్చాను. ఒక అధ్యాయం చాలావరకు ఇంగ్లిష్ పుస్తకం నుంచి తెలుగు చేసుకున్నదే, అది అసలు పట్టుబడలేదు. ఇక టెన్షన్ లేనట్టేనా?
– ఒక పరిశోధక విద్యార్థి, హనుమకొండ

జవాబు: లేదు తమ్ముడూ, అసలు పని అట్లాగే ఉంది. 2018 నాటి యూజీసీ నిబంధనల్లో 10 శాతం లోపు పోలికకు శిక్ష లేదు, 40 దాకా అయితే ఆరు నెలలు మించకుండా సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అందుకే అందరి కళ్లూ ఆ అంకె మీదే. కానీ అవే నిబంధనలు ఇంకొకరి పనినే కాదు, ఆలోచనను తనదని చూపినా గ్రంథచౌర్యమే అంటున్నాయి.

ఒక పుస్తకంలో ‘చెరువు నీళ్ల కోసమే కాదు, ఊరిని కలిపి ఉంచిన కట్టుబాటు కూడా’ అని ఉందనుకోండి. మీరు దాన్ని ‘తటాకం జలవనరు మాత్రమే కాదు, గ్రామాన్ని ఐక్యంగా నిలిపిన నియమం’ అని రాశారు. సాఫ్ట్‌వేర్ ఊరుకుంటుంది, కానీ ఆ ఆలోచన మీకు తట్టింది కాదు కదా! ‘ఫలానా వారు చెరువును ఊరి కట్టుబాటుగా చూశారు, పాకాల ఆయకట్టు రైతులు నాతో చెప్పింది మాత్రం వేరు’ అని రాసి, కింద పాదసూచికలో పుస్తకం పేరు, పేజీ నంబరు ఇవ్వండి. అప్పుడు ఆయన మాట ఆయనకు దక్కుతుంది, మీరు ఊళ్లు తిరిగి తెలుసుకున్నదీ కనిపిస్తుంది.

అనువాదమూ అంతే, భాష మారినంత మాత్రాన సొంతదారు మారడు. రామప్ప గుడి 1213 నాటిదని రాయడానికి ఎవరి పేరూ అక్కర్లేదు, అది అందరికీ తెలిసిందే. ఆ గుడి శాసనానికి ఒక పరిశోధకుడు చెప్పిన అర్థాన్ని వాడుకుంటే మాత్రం ఆయన పేరు రావాల్సిందే.

నేను ఎంఫిల్ చేసేటప్పుడు పేజీ నంబర్లు లేకుండా నోట్సు రాసుకునేదాన్ని. నాదే అనుకున్న ఒక పేరా నెలల తర్వాత లైబ్రరీ పుస్తకంలో కనబడితే చేతులు చల్లబడ్డాయి. అప్పటి నుంచి పుస్తకంలో మాట ఎర్ర ఇంకుతో, నా మాట నీలం ఇంకుతో రాస్తున్నాను. రాసేటప్పుడు పుస్తకం మూసి, తర్వాత తెరిచి పోల్చుకుంటాను.

ఆ అనువాదం అధ్యాయం సంగతి మీ గైడ్‌తో ఈ వారమే చెప్పండి. సమర్పించక ముందే కాబట్టి ఇంకా మీ చేతిలోనే ఉంది.