అమ్మానాన్నలకు టికెట్ కొంటున్నారా? ఎయిర్‌లైన్ పేరు చివర్లో చూడండి

"మా అమ్మానాన్నలు మొదటిసారి హైదరాబాదు నుంచి డాలస్ వస్తున్నారు, ఇద్దరికీ 60 దాటాయి, ఇంగ్లీషు అంతంతమాత్రం, ఏ ఎయిర్‌లైన్ మంచిది" అని ఒకరు అడిగారు. ఇలాంటి ప్రశ్నకు మామూలుగా జవాబు చెప్పేది టికెట్ కొనే పిల్లలు. నేను ఆ సీట్లో కూర్చుని వెళ్ళే తల్లిని. గుంటూరులో బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యాను. కొడుకు డాలస్ పక్కన ఉంటాడు. నాకు మోకాళ్ళ నొప్పులు, మావారికి షుగరు. కోడలి పురిటికని, మనవడి మీద బెంగతో అని, గల్ఫ్ మీదుగా, యూరప్ మీదుగా, ఢిల్లీ మీదుగా అన్ని దారులూ తిరిగాం.

పిల్లలు ముందు ధర చూస్తారు, తర్వాత రేటింగు, ఆ తర్వాత సీటు ముందున్న తెర ఎంత పెద్దదో చూస్తారు. ఆ తెర మీద మావారు చూసేది ఒక్కటే, మ్యాపులో విమానం బొమ్మ ఎంత జరిగిందని. మా వయసు వాళ్ళకు కావలసిన సంగతులు వేరు. ఎన్నిచోట్ల దిగి ఎక్కాలి, ఏకబిగిన ఎన్ని గంటలు కూర్చోవాలి, మధ్యలో పెట్టెలు మేం ముట్టుకోవాలా వద్దా. ఇవి తేలేసరికి రెండు మూడు ఎయిర్‌లైన్లే మిగులుతాయి. ధర చూడటం అప్పుడు మొదలుపెట్టండి.

డాలస్ వరకు చెబుతాను. దుబాయ్ మీదుగా ఎమిరేట్స్, దోహా మీదుగా ఖతార్ ఎయిర్‌వేస్ ఒక్కచోట మారితే నేరుగా డాలస్‌లోనే దించుతాయి. అందుకే మనవాళ్ళు ఎక్కువగా వాటిలోనే కనబడతారు. వేసవిలో అయితే గేటు దగ్గర చుట్టూ తెలుగే, ఎవరో ఒకరు "మీదే ఊరండీ" అని పలకరిస్తారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఆ పలకరింపు ఇచ్చే ధైర్యం ఏ రేటింగూ ఇవ్వదు. చిక్కల్లా గంటల దగ్గర. హైదరాబాదు నుంచి దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడి నుంచి డాలస్‌కు దాదాపు పదహారు. అదే ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సాలోనో, లండన్ మీదుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లోనో వెళితే ప్రయాణం సగానికి సగం విరుగుతుంది, రెండు విడతలూ పది గంటలకు కాస్త అటూ ఇటూగా. లుఫ్తాన్సా 2024 జనవరి నుంచే హైదరాబాదుకు వస్తోంది కాబట్టి ఇలాంటి ప్రశ్నలకు అంతకుముందు ఇచ్చిన జవాబులలో ఆ దారి కనిపించదు. ఎనిమిదో గంట దాటాక నా మోకాలు నా మాట వినదు, కాబట్టి నాకు యూరప్ దారే హాయి. మావారికి దుబాయ్ ఇష్టం, ఎందుకంటే అక్కడ టీ దొరికేదాకా తెలుగువాళ్ళు తోడుంటారు.

మీ అమ్మగారిని అడిగితే "నాకేం నాయనా, ఎలాగైనా వస్తాను" అంటారు. నమ్మకండి. విజయవాడ నుంచి తిరుపతి రైల్లో వెళ్ళి దిగేటప్పుడు ఎలా నడుస్తారో మీ నాన్నగారిని అడగండి.

ఢిల్లీ మీదుగా ఎయిర్ ఇండియా కూడా ఉంది. మాకు గన్నవరంలోనే ఎక్కే వీలుంది గనుక అది ఆశపెడుతుంది. కానీ డాలస్‌కు ఢిల్లీ నుంచి నేరుగా లేదు, న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగి మళ్ళీ మారాలి. పైగా 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలం మూసేశాక మన విమానాలు చుట్టు తిరగవలసి వచ్చింది, కొన్ని వియన్నాలో ఆగి ఇంధనం నింపుకున్నాయి. ఢిల్లీలో భాష ఇబ్బంది ఉండదని కొందరంటారు. నాకు హిందీ ఎంత వచ్చో జర్మనూ అంతే వచ్చు.

పెట్టెల విషయం పిల్లలకు అంతగా తట్టదు. ట్యాగు మీద డాలస్ అని ఉన్నా సరే, అమెరికాలో మొదట దిగిన ఊళ్ళోనే ఇమిగ్రేషన్ అయ్యాక పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పగించాలి. మనిషికి రెండు, ఒక్కొక్కటి 23 కిలోలు. ఆవకాయ, కంది పొడి, కోడలికి కాయం లడ్డూలు, అన్నీ అందులోనే. తిరిగే బెల్టు మీది నుంచి ఆ పెట్టెను అరవై అయిదేళ్ళ మనిషి లాగుతుంటే చూడాలి. ఒకదాన్ని అందుకునేలోపు రెండోది వెళ్ళిపోతుంది. కాబట్టి అమెరికాలో మొదట దిగేది మీ ఊరే అయ్యేటట్టు చూడండి. దీనికి ఒక మినహాయింపు అబుదాబి. 2014 నుంచి అక్కడే అమెరికా అధికారులు ఇమిగ్రేషన్, కస్టమ్స్ ముగించి పంపుతున్నారు. ఎతిహాద్‌లో వెళ్ళి న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగితే హైదరాబాదు నుంచి విజయవాడలో దిగినట్టే, నేరుగా బయటికి రావచ్చు. ఆ ఊళ్ళలో పిల్లలున్న వాళ్ళకు నేను అదే చెబుతాను. డాలస్‌కు మాత్రం మళ్ళీ మారాలి.

ఇక వీల్‌చైర్. నడవగలిగినా అడగండి, మొహమాటం వద్దు, దానికి డబ్బు తీసుకోరు. ఇంగ్లీషు రానివాళ్ళకు అది కుర్చీ కంటే ఎక్కువగా దారి చూపే మనిషి. కాకపోతే వీల్‌చైర్ అని ఊరికే టిక్కు పెడితే సరిపోదు, అందులో మూడు రకాలున్నాయి. డబ్ల్యూసీహెచ్‌ఆర్ అంటే దూరం నడవలేరు గాని మెట్లెక్కగలరని. డబ్ల్యూసీహెచ్‌ఎస్ అంటే మెట్లూ ఎక్కలేరని. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటు దాకా తీసుకెళ్ళి కూర్చోబెట్టాలని. విమానం గేటుకు దూరంగా ఆగి, బస్సెక్కించి, నిచ్చెన మెట్ల కింద దించినప్పుడు ఈ మొదటి రెండింటి తేడా తెలుస్తుంది.

వీల్‌చైర్ తీసుకుంటే మధ్యలో ఆగే సమయం మూడు గంటలకు తగ్గకుండా చూడండి. గంటంబావు చాలని వెబ్‌సైటు చూపిస్తుంది, అది పరుగెత్తే వాళ్ళ లెక్క. ఒక పెద్ద విమానాశ్రయంలో మమ్మల్ని ఇంకొందరు పెద్దవాళ్ళతో కలిపి గోడవార వరుసగా కూర్చోబెట్టారు. కుర్రాడొకడు వచ్చి అందరి పాస్‌పోర్టులూ బోర్డింగ్ పాసులూ కలిపి రబ్బరుబ్యాండు వేసి పట్టుకుపోయాడు. అరగంట దాకా పత్తా లేడు. పక్క కుర్చీలో ఒక గుజరాతీ పెద్దాయన బాత్రూముకు వెళ్ళాలా వద్దా అని లేస్తాడు, కూర్చుంటాడు, లేస్తాడు. మావారు మెడలో వేసుకున్న ఖాళీ సంచీని తడుముకుంటూనే ఉన్నారు. చివరికి కుర్రాడు నవ్వుతూ వచ్చి ఎవరివి వాళ్ళకిచ్చి, మమ్మల్ని గేటుకు చేర్చేసరికి లోపలికి వెళ్ళేవాళ్ళలో మేమే ఆఖరు. టైమున్నది కాబట్టి బతికాం. మీ వాళ్ళకు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో విమానం నంబరు, ఊరు, బయలుదేరే టైము, మీ ఫోన్ నంబరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి పంపండి. పాస్‌పోర్టు చేతిలో లేకపోయినా కాగితం ఉంటుంది.

భోజనం గురించి ఒక్కటే. శాకాహారులైతే హిందూ మీల్ అని పెట్టకండి. అందులో గొడ్డుమాంసం ఉండదంతే, కోడీ చేపా రావచ్చు. మా వియ్యపురాలు కార్తీక మాసంలో మూత తీసి చూసి ఆ పూటంతా చక్కిలాలతో గడిపింది. ఏషియన్ వెజిటేరియన్, అంటే ఏవీఎంఎల్, అది పెట్టండి. వెళ్ళే విమానం రెండు విడతలకూ, తిరిగొచ్చే రెండు విడతలకూ ఉందో లేదో విడివిడిగా చూడండి.

సీట్లకు డబ్బు కట్టవలసి వస్తే కట్టండి. కుటుంబంలో ఎవరికైనా షుగరుంటే ఇది తప్పదు. ఎమిరేట్స్ వాళ్ళ బోయింగ్ 777లో వరుసకు 3-4-3. కిటికీ పక్క మూడింట్లో ఇద్దరిని వేస్తే ఒకరు బాత్రూముకు వెళ్ళాలంటే నిద్రపోతున్న పరాయి మనిషిని లేపాలి. మధ్య నాలుగింట్లో నడవా పక్క సీటూ దాని పక్క సీటూ తీసుకుంటే మిగతా ఇద్దరూ అటువైపు నుంచి లేస్తారు, మన జోలికి ఎవరూ రారు. పిల్లలు కిటికీ పక్కన వేస్తే బాగుంటుందనుకుంటారు. రాత్రిపూట సముద్రం మీద ఏం చూస్తాం?

రాను పోను అంతా ఒకే పీఎన్ఆర్, అంటే ఒకే బుకింగ్ నంబరు మీద ఉండాలి. ఇక్కడ బేరాలొద్దు. దుబాయ్ దాకా ఒకటి, అక్కడి నుంచి ఇంకొకటి విడిగా కొంటే చవక పడుతుందని మా అన్నయ్య కొడుకు లెక్కలు వేసి చూపించాడు. 2025 జూన్ 23న ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూతపడినప్పుడు ఎక్కడి విమానాలు అక్కడ ఆగిపోయాయి, కొన్ని దారి మళ్ళాయి. అలాంటప్పుడు ఒకే టికెట్ ఉన్నవాళ్ళను గమ్యానికి చేర్చే పూచీ ఎయిర్‌లైన్‌ది. రెండు టికెట్లున్న వాళ్ళకు రెండో టికెట్ డబ్బు కూడా పోవచ్చు. ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొనడం మేలు. లేదంటే ఎదురుగా కూర్చుని మాట్లాడగలిగే ఏజెంటు దగ్గర కొనండి, మా బ్రాడీపేటలో ఒకాయన ఉన్నాడు, రాత్రి పదకొండుకైనా ఫోనెత్తుతాడు. ముఖం తెలియని చవక వెబ్‌సైట్లతోనే బాధ, టైము మారితే ఎయిర్‌లైన్ వాళ్ళు సైటును అడగమంటారు, సైటు వాళ్ళు ఎయిర్‌లైన్‌ను అడగమంటారు.

తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొనండి. బిడ్డ డాక్టరు చెప్పిన తేదీకి పుట్టదు. సందర్శకుల వీసా మీద వచ్చినవాళ్ళకు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఆ లోపు ఎప్పుడు ఇంటి మీద గాలి మళ్ళుతుందో మాకే తెలియదు.

మీ వాళ్ళు హైదరాబాదులోనే ఉంటే ఈ మాట వదిలేయండి. మా వైపు వాళ్ళయితే తిరుగు విమానం శంషాబాదులో ఎన్నింటికి దిగుతుందో కూడా చూడండి. గుంటూరు అయిదారు గంటల దారి. తెల్లవారుజామున మూడింటికి దిగి, నిద్రమత్తులో ఉన్న డ్రైవరుతో మిర్యాలగూడ మీదుగా వెళ్ళడం నాకు విమానం కంటే భయం. ఉదయం పది తర్వాత దిగేది దొరికితే రెండు మూడు వేలు ఎక్కువైనా అదే తీసుకోమంటాను.

మీరు అడిగిన డాలస్‌కు, మొదటిసారి గనుక, మోకాళ్ళు బాగుంటే ఎమిరేట్స్ లేదా ఖతార్, బాగులేకపోతే లుఫ్తాన్సా. యూరప్ మీదుగా అయితే ట్రాన్సిట్ వీసా నిబంధన కొనే ముందు చూడండి. అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్నవాళ్ళకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో గాని లండన్‌లో గాని లోపలే విమానం మారడానికి వేరే వీసా అడగరు, అయినా ఈ నిబంధనలు మారుతుంటాయి. టికెట్ కొన్న రెండు రోజులకు ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి వీల్‌చైరూ భోజనమూ అన్ని విడతలకూ ఎక్కాయో లేదో చదివించుకుని వినండి. ప్రయాణానికి మూడు రోజుల ముందు మళ్ళీ చేయండి.