వర్జీనియా టెక్ కాల్పులను ఒక్క స్ట్రెయిన్ థియరీతో వివరించవచ్చా?

అమెరికాలోని వర్జీనియా టెక్ యూనివర్సిటీలో 2007లో జరిగిన కాల్పుల మీద ఎల్‌ఎల్‌బీ అసైన్‌మెంట్‌ను స్ట్రెయిన్ థియరీతో, అంటే ఒత్తిడే మనిషిని నేరం వైపు నెడుతుందనే సిద్ధాంతంతో రాస్తే సార్ ఎందుకు తిప్పి పంపారని మీరు అడిగారు. నేనూ అదే సంఘటన మీద అదే తప్పు చేశాను, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను.

ఆ ఏప్రిల్ 16 నాకు బాగా గుర్తు. మా పెదనాన్నగారి అబ్బాయి అప్పుడు అక్కడే ఎమ్మెస్ చదువుతున్నాడు. అక్కడ ఉదయం 9:40 ప్రాంతంలో నోరిస్ హాల్ అనే క్లాసుల భవనంలో కాల్పులు మొదలయ్యేసరికి మనకు సాయంత్రం ఏడు దాటింది. నల్లకుంటలో మా ఇంట్లో అందరం టీవీ ముందే ఉన్నాం. ఫోన్ కలవదు. తెల్లవారుజామున అన్నయ్యే ఫోన్ చేసేదాకా పెద్దమ్మ మంచినీళ్లు కూడా ముట్టలేదు. 32 మంది చనిపోయారు. తర్వాత క్రిమినాలజీ పేపర్‌కి టాపిక్ ఎంచుకోమంటే నాకు వేరేది తోచలేదు.

ఒంటరితనం, ఎగతాళి, కోపం, అందుకే కాల్పులు అని రాసి ఇచ్చాను. మా మేడమ్ చదివి, "ఇంత ఒత్తిడి మన ఇంటర్ హాస్టళ్లలో లేదా? అక్కడెవరూ తుపాకీ పట్టలేదే?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఈ స్ట్రెయిన్ థియరీని విస్తరించిన రాబర్ట్ ఆగ్న్యూ దగ్గరే ఉంది, నేనే సరిగా చదవలేదు. ఒత్తిడి దానంతటదే నేరం చేయించదని ఆయన 1992లో రాశారు. తన కష్టానికి తప్పు ఎదుటివాళ్లదని మనిషి అనుకుంటే కోపం పుడుతుంది. తనదే అనుకుంటే కుంగిపోతాడు. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారంలో మనం పేపర్లో చూసి గుండె బరువెక్కే వార్తలు ఆ రెండో దారివి. కాబట్టి ఒత్తిడి ఉందని చూపితే చాలదు, అది ఎటు మళ్లిందో, ఎవరూ ఎందుకు ఆపలేకపోయారో చూపాలి.

దీనికి లెవిన్, మాడ్‌ఫిస్ అనే పరిశోధకులు స్కూళ్లలో జరిగే సామూహిక హత్యల గురించి 2009లో చెప్పిన ఐదు మెట్లు బాగా పనికొస్తాయి: ఏళ్ల తరబడి ఒత్తిడి, ఆసరాగా నిలిచే బంధాలు లేకపోవడం, హఠాత్తుగా తగిలే దెబ్బ, పథకం, చివరికి దాడి. రెండో మెట్టు దగ్గర మనిషిని నేరం చేయకుండా ఆపేవని ట్రావిస్ హిర్షి చెప్పిన సామాజిక బంధాలు వాటంతటవే వచ్చి చేరతాయి. కాల్పులు జరిపింది ఆ యూనివర్సిటీ విద్యార్థే. ఇంగ్లిష్ విభాగంలో టీచర్లు అతని తీరు చూసి ఆందోళనపడి పైవాళ్లకు చెప్పారు. 2005 డిసెంబర్‌లో కోర్టు అతనికి ఆసుపత్రిలో చేరకుండా బయటి నుంచే మానసిక చికిత్స (ఔట్‌పేషెంట్) తీసుకోమని ఆదేశించింది. ఆ చికిత్స సాగనే లేదు. మూడో మెట్టుకు మాత్రం ఏదో ఒక సంఘటన తెచ్చి అతికించకండి. నేను ప్రేమ వైఫల్యమని రాశాను. మొదటి రోజుల్లో టీవీలో అలా అన్నారు, కానీ ఆధారం దొరకలేదు. నాకు మార్కులు పోయింది అక్కడే.

ఎక్కువ పేజీలు కోహెన్, ఫెల్సన్‌ల 1979 నాటి రొటీన్ యాక్టివిటీ థియరీకి ఇవ్వండి. నేరం చేయాలనుకునేవాడు, లక్ష్యం, కాపలా లేకపోవడం, ఈ మూడూ కలిసిన చోట నేరం జరుగుతుందంటుంది. కాపలా అంటే గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే అనుకోకండి. ఆ కోర్టు ఆదేశం ప్రకారం ఫెడరల్ చట్టం కింద అతనికి తుపాకీ అమ్మకూడదు. కానీ అప్పటి వర్జీనియా పద్ధతిలో ఔట్‌పేషెంట్ ఆదేశాలు తుపాకీ కొనేవాళ్లను తనిఖీ చేసే డేటాబేస్‌కు చేరేవి కావు. అతను రెండు పిస్టళ్లు, ఒకటి ఆన్‌లైన్‌లో, ఒకటి షాపులో, మామూలుగా కొనుక్కున్నాడు. ఆ రికార్డే అక్కడ ఉండాల్సిన కాపలా. 2008 జనవరిలో అలాంటి రికార్డులు డేటాబేస్‌కు చేర్చేందుకు ఫెడరల్ చట్టం తెచ్చారు. నోరిస్ హాల్ తలుపులకు అతను గొలుసులు బిగించాడు. ప్రొఫెసర్ లివియు లిబ్రెస్కు తన క్లాసు తలుపుకు అడ్డుగా నిలబడి, పిల్లలు కిటికీల్లోంచి దూకేదాకా ఆపి, ప్రాణం వదిలారు. అప్పటికి ఆయన వయసు 76. కాపలా అన్న మాట దగ్గర నాకు ఇప్పటికీ ఆయనే గుర్తొస్తారు.

రెండోసారి రాసినప్పుడు పేపర్ అంతటా హంతకుడి పేరు తీసేసి 'దాడి చేసినవాడు' అని రాశాను. ఉదయం మొదట హాస్టల్లో, తర్వాత నోరిస్ హాల్‌లో చేసిన రెండు దాడుల మధ్య పోస్టాఫీసుకు వెళ్లి టీవీ చానెల్‌కు తన వీడియోలతో పార్శిల్ పంపాడతను, అందులో 1999లో కొలంబైన్ హైస్కూల్లో కాల్పులు జరిపిన హంతకులను పొగిడాడు. చూసి నేర్చుకోవడం అనే సోషల్ లెర్నింగ్ థియరీ గురించి మీరు రాయాల్సింది ఆ పార్శిల్ దగ్గరే.