జర్మన్ డ్రై రీస్లింగ్‌తో ఏ వంటకాలు కుదురుతాయి?

ముందు సీసా మీద 'ట్రోకెన్' (జర్మన్‌లో డ్రై, అంటే తీపి లేనిది) అని ఉందో లేదో చూడండి. రీస్లింగ్ అదే పేరున్న తెల్ల ద్రాక్షతో చేసే వైన్, అది తీపి వైనే అనుకుని చాలామంది పక్కన పెట్టేస్తారు. ట్రోకెన్‌లో లీటరుకు మిగిలే చక్కెర గరిష్ఠంగా 9 గ్రాములు, అదీ దానికి దీటుగా పులుపు ఉంటేనే. లేకపోతే 4 గ్రాములే. 'ఫైన్‌హెర్బ్' అని ఉంటే కాస్త తీపి తగులుతుంది.

దీని బలమంతా పులుపే, జిడ్డును ఇట్టే విరిచేస్తుంది. వెన్నలో వేయించిన ట్రౌట్ చేప, పంది మాంసం ష్నిట్జెల్ (బ్రెడ్ పొడి అద్ది వేయించిన పల్చటి ముక్క), మేకపాల చీజ్ నిశ్చింతగా పెట్టుకోవచ్చు. జర్మన్లు వసంతంలో ఎగబడి తినే తెల్ల ఆస్పరాగస్‌కు మాత్రం నా ఓటు ఫ్రాంకెన్ ప్రాంతపు సిల్వానర్ అనే తెల్ల వైన్‌కే. అది కూడా డ్రై వైనే, పులుపు తక్కువ కాబట్టి ఆ కూర చేదుతో పేచీ ఉండదు.

గోంగూర మాంసం, చేపల పులుసు లాంటివాటికి ట్రోకెన్ వద్దు. ఆల్కహాల్ కారం మంటను పెంచుతుంది, చింతపండు పులుపు ముందు వైన్ చప్పబడిపోతుంది. కారం మీద మనసుంటే ఫైన్‌హెర్బ్ గానీ, తీపి మిగిలిన కాబినెట్ (జర్మన్ వైన్లలో తేలికపాటి తరగతి) గానీ తీసుకోండి.

8–10 డిగ్రీల చల్లదనం చాలు. ఫ్రిజ్‌లోంచి తీయగానే పోస్తే వాసన తెలియదు, పులుపు ఒక్కటే నాలుకకు గుచ్చుకుంటుంది. పావుగంట బయట ఉంచండి.